తోడు

కొత్త కంపెనీ వచ్చిన వారం
డ్రెస్సింగ్ రూమ్ గోడకి నీలం రంగేశారు.
దాని మీద తెల్లగా: 'మనమంతా ఒక కుటుంబం.'
కానూరు పెయింటరు నిచ్చెన దిగుతూ
"కుటుంబంలో జీతాలు కూడా ఇస్తారా బాబాయ్?" అన్నాడు.
మూడు నెల్ల బాకీ ఉన్న గోల్‌కీపరు
గ్లవ్స్ తిరగేసి, మళ్ళీ తిరగేశాడు.

నేను ఈ జట్టు బట్టలుతికే ఏసోబుని.
పంతొమ్మిదేళ్ళు, నలుగురు ఓనర్లు.
సిమెంటాయన, చిట్‌ఫండాయన, ఆయన బావమరిది,
మధ్యలో ఎనిమిది నెలలు ఎవరూ లేరు
(కాస్త గెలిచింది అప్పుడే),
ఇప్పుడీ పంపుసెట్లవాళ్ళు.
వచ్చిన ప్రతి కోచ్ కొత్త విజిల్ తెచ్చుకున్నాడు.
పాతవి నా అల్మరాలో పదకొండున్నాయి,
ఊదితే అన్నిటిదీ ఒకటే కూత.

వకుళ మేడం మొదటి మీటింగులో
'కల్చర్' అనే మాట పద్నాలుగుసార్లు అంది.
సాక్సులు లెక్కపెట్టే అలవాటు, తప్పదు నాకు.
కిటికీ అవతల లోకోషెడ్డులో ఇంజనొకటి
గంటసేపు కదలకుండా గుర్రుమంటూనే ఉంది.

ఆనక చాలా మారాయి.
ఫోన్లు బుట్టలో వెయ్యాలి. బిర్యానీ బంద్, ఉడికిన గుడ్లు.
బెంగళూరు నుంచి మనసు డాక్టరొకాయన వచ్చి
అందరి కళ్ళూ మూయించి నదిని ఊహించుకోమన్నాడు.
బ్యారేజీ గేట్లు మూసిన మే నెల.
మావాళ్ళకి ఇసక తిన్నెలే కనిపించి ఉంటాయి.

ఇంటికొచ్చి ఈ కల్చర్ ఏంటని అడిగితే
మా ఎస్తేరు నవ్వింది.
పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో దాని ఉద్యోగం.
"పెరుగుకి వేసే తోడుని మేమూ అదే అంటాం నాన్నా."
పొయ్యి దగ్గర్నించి దీనమ్మ:
"పులిసిన తోడుంచుకుని గేదెని మారిస్తే
పెరుగు కమ్మగా వస్తదా ఏంటి?"

ఆ రాత్రి నుంచి
మాలో తోడు ఎవడా అని వెతకడం మొదలెట్టాను.
కెప్టెన్ శౌరి అనుకున్నాను.
గోల్ పడ్డాక, బంతి వల జారి నేల తాకకముందే
నాలుగు చేతులు లేస్తాయి మావాళ్ళవి
లెఫ్ట్ బ్యాక్ వైపు,
అనకాపల్లి పిల్లాడు నూకరాజు వైపు.
మొదటి చెయ్యి ఎప్పుడూ శౌరిదే.
స్టాండ్సులో రెండొందలమంది, సగం నీడకొచ్చినవాళ్ళు,
వాళ్ళూ అటే చూపిస్తారు
పునుగుల పొట్లం పట్టుకున్న చేత్తో.

ఓ మధ్యాహ్నం మేడం నా ఉతుకుల గదికొచ్చింది.
బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.
"ముందెవరివి ఉతుకుతారు?"
సీనియర్లవండి, మంచినీళ్ళల్లో.
"తర్వాత?"
ఆ నీళ్ళల్లోనే కుర్రోళ్ళవి.
"అలాగని ఎవరు చెప్పారు?"

ఎవరు చెప్పారు...
సిమెంటాయన కాలంలో ఒక కెప్టెన్
శనివారం శనివారం యాభై చేతిలో పెట్టేవాడు.
వాడు పోయి కోళ్ళఫారం పెట్టుకున్నాడు.
యాభై ఆగి పదమూడేళ్ళు. వరుస ఆగలేదు.
నూకరాజు చొక్కా ఎండకి వెలిసిందనుకున్నాను ఇన్నాళ్ళూ.

మేడం ఏమీ అనలేదు.
తొట్టిలో నీళ్ళు చూసింది, బూడిద రంగు నీళ్ళు.
ఫోన్ మోగితే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు నీళ్ళు మార్చాను.
మోటారు కరెంటు బిల్లని అకౌంటెంటు గొణిగాడు.
శౌరి తన చొక్కా వాసన చూసి
"ఇదెవరిది?" అన్నాడు.

ఆదివారం ఓడిపోయాం, రెండు ఒకటి.
రెండో గోల్ నూకరాజు వైపు నుంచే.
మూడు చేతులు లేచాయి.
శౌరి చెయ్యి సగం లేచి మెడ గోక్కుంది.
దురదేమో. బుడమేరు దోమలు అలాంటివి.
మూడు నెల్ల బాకీలో ఒక నెల పడింది.
గోడ మీద 'కుటుంబం'లో సున్నా చెమ్మకి ఉబ్బింది.

దీనమ్మ పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చింది.
తెల్లారి చూస్తే పలచగా ఉంది,
గరిటె పెడితే ఆనవాలు నిలవలేదు.
పారబోస్తుందనుకున్నాను.
అందులోంచే ఒక చెంచా తీసి
ఆ రాత్రి పాలల్లో కలిపి మూత పెట్టింది.